సంజ వెలుగులో ఆకాశహర్మ్యాలు: కెనన్ 70-200 ఎఫ్/4 ఎల్ లెన్స్‌పై నెల్లూరు నుంచి ఒక సమీక్ష

కెనన్ సంస్థ 1999లో విడుదల చేసిన ఈఎఫ్ 70-200 మి.మీ. ఎఫ్/4 ఎల్ యూఎస్ఎం లెన్స్‌ను నేను సెకండ్ హ్యాండ్‌లో కొని, దాదాపుగా ఒకే పనికి వాడుతున్నాను. పొద్దు వాలే వేళ నగరంలోని ఎత్తైన భవనాలు ఎండను పట్టుకుని వెలిగే ఆ కొద్ది నిమిషాలను దూరం నుంచి ఫొటో తీయడమే ఆ పని. పెళ్లిళ్లకు, పక్షులకు, ఆటల పోటీలకు ఈ లెన్స్ ఎలా పనికివస్తుందో వివరించే సమీక్షలు చాలానే ఉన్నాయి. ఆకాశహర్మ్యాల కోసం, అందులోనూ సాయంత్రపు వెలుగు కోసం దీన్ని కొనవచ్చునా అని ఆలోచిస్తున్నవారి కోసం ఇది రాస్తున్నాను. నెల్లూరు, కావలి, ఒంగోలు వంటి ఊళ్లలో ఉంటూ, హైదరాబాదుకో చెన్నైకో వెళ్లినప్పుడు మాత్రమే అలాంటి భవనాలను చూడగలిగేవారు ప్రత్యేకంగా నా మనసులో ఉన్నారు. నా అభిప్రాయాన్ని మొదటే చెబుతాను. ఈ పనికి ఇంతకన్నా ఖరీదైన లెన్స్ అవసరం లేదు. మిగిలే డబ్బును గట్టి ట్రైపాడ్ మీద, సింహపురి ఎక్స్‌ప్రెస్ టికెట్ల మీద ఖర్చు పెట్టడం మేలు.

ఎత్తైన భవనాన్ని దాని పాదం దగ్గర నిలబడి వైడ్ లెన్స్‌తో తీస్తే గీతలన్నీ పైకి పోయేకొద్దీ దగ్గరపడి, భవనం వెనక్కి ఒరిగినట్లు కనిపిస్తుంది. పైగా సాయంత్రపు ఎండ చివరి వరకూ నిలిచేది పై అంతస్తుల మీదే. కింది అంతస్తులను పక్క భవనాల నీడ ముందే కప్పేస్తుంది. అందువల్ల దగ్గర నిలబడినవారికి నీడ ఎక్కువగా, వెలుగు తక్కువగా దొరుకుతుంది. మూడు నాలుగు కిలోమీటర్లు వెనక్కి వస్తే కెమెరాను పైకి ఎత్తవలసిన అవసరం ఉండదు, గీతలు నిటారుగా నిలుస్తాయి, ఒకదాని వెనక ఒకటి ఉన్న భవనాలు పక్కపక్కన చేరినట్లు కనిపిస్తాయి. ఈ మార్పు తెచ్చేది మనం వెనక్కి వచ్చిన దూరమే. ఆ దూరాన్ని ఫ్రేములో నిండుగా చూపించడం లెన్స్ వంతు. లెక్క చూస్తే, 200 మీటర్ల ఎత్తున్న భవనం 4 కిలోమీటర్ల దూరం నుంచి మన కంటికి 3 డిగ్రీల లోపు ఎత్తులో కనిపిస్తుంది. పెద్ద సెన్సరున్న ఫుల్ ఫ్రేమ్ కెమెరాను నిలువుగా పట్టుకుంటే 200 మి.మీ. దగ్గర ఈ లెన్స్ 10 డిగ్రీల పైచిలుకు ఎత్తును చూస్తుంది, అంటే భవనం ఫ్రేములో మూడో వంతుకు కాస్త తక్కువగా నిలిచి, మిగిలిన చోటు ఆకాశానికీ ముందున్న నీటికో చెట్లకో దక్కుతుంది. చిన్న సెన్సరున్న ఏపీఎస్-సీ కెమెరా మీద అదే భవనం దాదాపు సగం ఫ్రేము ఎత్తును తీసుకుంటుంది. రెండూ మంచి కూర్పులే. 70 మి.మీ. చివర మొత్తం భవనాల వరుసకు, 200 మి.మీ. చివర ఒక్క శిఖరానికి సరిపోతున్నందున, ఈ పనిలో ఇంకో లెన్స్ మార్చవలసిన అవసరం నాకు అరుదుగా వస్తుంది.

లెన్స్ లోపల 13 సమూహాలుగా 16 గాజు పలకలున్నాయి. వాటిలో ఒకటి ఫ్లోరైట్ స్ఫటికంతోనూ, రెండు రంగులను తక్కువగా చెదరగొట్టే యూడీ గాజుతోనూ చేసినవి. సంజ వేళ భవనాలు తీసేవారికి ఇది చాలా ముఖ్యమైన విషయం. ఎండ తగిలి మండుతున్న అద్దాల గోడ, దాని వెనక చీకటి పడుతున్న తూర్పు ఆకాశం కలిసే అంచు దగ్గర వెలుగు తేడా విపరీతంగా ఉంటుంది. మామూలు గాజు వేర్వేరు రంగుల కాంతిని వేర్వేరు చోట్ల కేంద్రీకరిస్తుంది కాబట్టి, అలాంటి అంచుల వెంట ఊదా రంగు లేదా ఆకుపచ్చ గీత ఒకటి పాకుతుంది. భవనాల్లో నిలువు గీతలే ఎక్కువ కనుక ఆ లోపం వందల చోట్ల కనిపించి బంగారు వన్నెను మురికిగా చేస్తుంది. ఫ్లోరైట్ ఈ చెదురును బాగా తగ్గిస్తుంది. ఎఫ్/8 దగ్గర, అంటే వెలుగు వచ్చే రంధ్రాన్ని కాస్త మూసి, ఈ లెన్స్ తీసిన చిత్రాన్ని పెద్దది చేసి చూసినప్పుడు కిటికీల చట్రాలు శుభ్రంగా, తమ సొంత రంగుతో కనిపించడం నాకు ఎంతో తృప్తినిచ్చిన విషయం. ఈ వరుస లెన్స్‌లు తెల్లగా ఉండడానికి కారణం కూడా ఈ స్ఫటికమే. ఫ్లోరైట్ వేడికి ఎక్కువగా వ్యాకోచిస్తుంది కాబట్టి ఎండను వెనక్కి కొట్టేలా తెల్ల రంగు వేస్తారు. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండ ఎలా ఉంటుందో తెలిసినవారికి ఆ రంగు విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఎంత మంచి లెన్స్ అయినా నిలబడే చోటు తప్పితే భవనం వెలగదు. వెలిగే భవనం కావాలంటే సూర్యుడు మన వీపు వెనక ఉండాలి, అంటే భవనాలకు పడమర వైపు నిలబడి తూర్పుకు చూడాలి. భవనాలకు తూర్పున నిలబడి సూర్యుడి వైపే చూస్తే అవి నల్లని ఆకారాలుగా, ఆకాశం మాత్రమే రంగులతో కనిపిస్తుంది. అదీ అందమైన చిత్రమే గాని, అది వేరే చిత్రం. హైదరాబాదులో ఈ రెండూ దొరుకుతాయి. ఖాజాగూడ గుట్టల మీద నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ పడమటి దిక్కున ఉంటుంది, కాబట్టి అక్కడ దొరికేవి నల్లని ఆకారాలు. మూసీకి 1908లో వచ్చిన వరదల తరువాత కట్టి 1920లో పూర్తి చేసిన గండిపేట జలాశయం వైపు వెళితే పరిస్థితి తారుమారవుతుంది. అక్కడి తూర్పు గట్టు పరిసరాల నుంచి 50 అంతస్తులు దాటిన కోకాపేట భవనాలు ఈశాన్యంగా నిలుస్తాయి, సూర్యుడు నీటి మీదుగా మన వెనక దిగుతాడు. నా దృష్టిలో ఈ లెన్స్‌కు తెలుగు నేల మీద ఇంతకన్నా తగిన చోటు లేదు. అయితే ఇలాంటి చోట్ల ట్రైపాడ్ పెట్టే ముందు అక్కడి సిబ్బందిని అడిగి తెలుసుకోవడం మంచిది.

చెన్నై విషయంలో మన జిల్లావాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. నెల్లూరు నుంచి 175 కిలోమీటర్లే కాబట్టి పొద్దున బయలుదేరి సాయంత్రం ఫొటోలు తీసుకుని రావచ్చని అనిపిస్తుంది. కానీ తూర్పు తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, నేల వైపు అస్తమిస్తాడు. మెరీనా ఇసుకలో నిలబడి నగరం వైపు తిరిగితే సాయంత్రం అంతా ఎదురెండే. అక్కడ భవనాలు వెలిగేది ఉదయం వేళ. సాయంత్రపు వెలుగు కావాలంటే నగరం లోపలి వైపున, భవనాలకు పడమరగా, ఏదైనా మెట్టనో వంతెననో వెతుక్కోవాలి. అమెరికాలో మన్‌హాటన్ భవనాల సంజ చిత్రాలను హడ్సన్ నది అవతల ఉన్న న్యూజెర్సీ ఒడ్డు నుంచి ఎక్కువగా తీయడానికీ ఇదే కారణం. ఆ ఒడ్డు పడమర వైపుంది.

దిక్కు సరిపోయినంత మాత్రాన పని పూర్తి కాదు, ఏడాదిలో ఏ నెల అన్నదీ లెక్కలోకి వస్తుంది. హైదరాబాదు అక్షాంశం దగ్గర జూన్ చివర సూర్యుడు సరిగ్గా పడమరకు సుమారు 25 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబరు చివర అంతే కోణంలో దక్షిణంగా అస్తమిస్తాడు. చలికాలంలో సూర్యుడు నైరుతి వైపు ఒరుగుతాడు కనుక ఈశాన్యంగా ఉన్న కోకాపేట భవనాల మీద గండిపేట వైపు నుంచి చూసినప్పుడు వెలుగు ఎదురుగా, నిండుగా పడుతుంది. వేసవిలో అదే వెలుగు పక్క నుంచి వచ్చి ఒక ముఖాన్ని వెలిగించి ఇంకో ముఖాన్ని నీడలో వదులుతుంది. భవనానికి ఆకృతి కావాలంటే వేసవి, మొత్తం గోడ బంగారంలా నిండాలంటే చలికాలం అని నేను విభజించుకుంటాను.

అద్దాల గోడ వెలగడంలో రెండు రకాలున్నాయి. కాంక్రీటు, రాయి, రంగు వేసిన గోడ ఎండను అన్ని దిక్కులకూ చెదరగొడతాయి కాబట్టి ఎక్కడ నుంచి చూసినా ఒకే మాదిరి వెచ్చని రంగు కనిపిస్తుంది. అద్దం అలా చేయదు. వెలుగు ఏ కోణంలో తగిలిందో అదే కోణంలో అవతలికి పంపుతుంది. మనం ఆ దారిలో ఉంటేనే గోడ భగ్గుమంటుంది, లేకపోతే పక్కనున్న ఆకాశపు నీలిమే అందులో కనిపిస్తుంది. అద్దాలు పూర్తిగా సమతలంగా ఉండవు కనుక ఆ మెరుపు ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి జరుగుతూ కొద్దిసేపు నిలుస్తుంది. సూర్యుడు తన వెడల్పంత దూరం జరగడానికి పట్టేది రెండు నిమిషాలే కాబట్టి ఆ కాస్త వ్యవధిలో ఫ్రేమును సవరించుకోగలగాలి. ఇక్కడ ఈ లెన్స్ నిర్మాణం ఎంతో సాయపడుతుంది. జూమ్ తిప్పినా లెన్స్ పొడవు మారదు, 172 మి.మీ. దగ్గరే ఉంటుంది. బరువు ముందుకు జరగదు కనుక ట్రైపాడ్ మీద సమతూకం చెదరదు, బిగించిన ట్రైపాడ్ తల కిందికి జారదు. వెలుగు వచ్చే రంధ్రానికి, అంటే ఎపర్చర్‌కు, 8 రేకులున్నాయి, కాబట్టి ఎఫ్/11, ఎఫ్/16 దగ్గర అద్దంలో మెరిసే సూర్యుడి చుక్క ఎనిమిది కిరణాల నక్షత్రంగా విచ్చుకుంటుంది. ఎఫ్/16లో, చిన్న రంధ్రం గుండా వెళ్లే వెలుగు వంగి చెదిరే డిఫ్రాక్షన్ వల్ల సూక్ష్మ వివరాలు కొంత మెత్తబడతాయి కనుక ఆ నక్షత్రం కోరుకున్నప్పుడే అంత దూరం వెళ్లాలి.

ప్రతిబింబాలను తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే భవనాల ఫొటోలకు అది తప్పనిసరి అన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. ఈ లెన్స్ ముందు భాగం 67 మి.మీ. కొలతతో ఉండి ఫోకస్ చేసినప్పుడు తిరగదు కాబట్టి పోలరైజర్ వాడడానికి వీలుగానే ఉంటుంది. అయినా సంజ వేళ దాన్ని తీసి సంచిలో పెట్టమని నా సలహా. గాజు మీద లంబం నుంచి సుమారు 56 డిగ్రీల కోణంలో తగిలి వచ్చే ప్రతిబింబాన్ని పోలరైజర్ బాగా చెరిపేస్తుంది. మనం వచ్చింది ఆ ప్రతిబింబం కోసమే. సూర్యుడు సరిగ్గా వీపు వెనక ఉన్నప్పుడు వెలుగు గాజుకు దాదాపు ఎదురుగా తగులుతుంది కనుక చెరిపే శక్తీ తక్కువే. సూర్యుడికి ఎదురు దిక్కున ఉన్న ఆకాశాన్ని కూడా అది పెద్దగా నల్లబరచలేదు, దాని ప్రభావం సూర్యుడికి 90 డిగ్రీల పక్కన ఉన్న ఆకాశం మీద ఎక్కువ. అంటే వీపెండలో అది చేసే మేలు లేకపోగా, ఒకటిన్నర రెండు స్టాపుల (ఒక స్టాపు అంటే వెలుగు సగం కావడం) వెలుగును మింగుతుంది. వెలుగు నిమిషనిమిషానికీ తరిగిపోయే వేళ అది భరించరాని నష్టం.

ఈ లెన్స్‌లో కుదుపును అదుపు చేసే ఇమేజ్ స్టెబిలైజర్ లేదు. చాలామంది దీన్ని వద్దనుకోవడానికి అదే కారణం. చేతితో పట్టుకుని 200 మి.మీ. దగ్గర తీయాలంటే ఫుల్ ఫ్రేమ్ మీద సెకనులో 200వ వంతు, చిన్న సెన్సర్ మీద 320వ వంతు వేగమైనా ఉండాలి. సూర్యాస్తమయం దగ్గరపడేసరికి సెన్సర్ సున్నితత్వం ఐఎస్ఓ 100, ఎఫ్/8 దగ్గర సరైన వేగం సెకనులో 60వ వంతుకు దిగిపోవడం మామూలే, సూర్యుడు మునిగాక ఇంకా తగ్గుతుంది. కాబట్టి ట్రైపాడ్ తప్పదు. ట్రైపాడ్ మీద పెట్టాక స్టెబిలైజర్ ఉన్న లెన్స్‌లో కూడా దాన్ని ఆపేయడమే సాధారణ పద్ధతి. మనం వాడని సౌకర్యం లేకపోవడం మనకు లోపం కాదు. భవనాలు కదలవు, వాటికి కావలసింది ఓపిక, నిలకడ.

అసలు గమనించవలసిన లోటు వేరే ఉంది. 705 గ్రాముల ఈ లెన్స్‌కు ట్రైపాడ్ కాలర్, అంటే లెన్స్‌నే ట్రైపాడ్‌కు బిగించే పట్టీ, పెట్టెలో రాదు, విడిగా కొనుక్కోవాలి. కాలర్ లేకుండా కెమెరా అడుగు భాగాన్ని ట్రైపాడ్‌కు బిగిస్తే బరువంతా ముందుకు వేలాడుతుంది, గాలి వీచినప్పుడల్లా సన్నటి కంపనం పుడుతుంది. చెరువు గట్టు మీద, మేడ మీద సాయంత్రపు గాలి ఎప్పుడూ ఉండేదే. కాలర్ బిగించాక, రెండు సెకన్ల టైమర్ పెట్టి, లైవ్ వ్యూ తెర మీద కిటికీ చట్రాన్ని పెద్దది చేసి చేత్తో ఫోకస్ సరిచేసుకుంటే కిటికీ చట్రాల గీతలు స్పష్టంగా పడతాయి. కాలర్ ఖర్చును లెన్స్ ధరలో కలుపుకునే లెక్క వేసుకోవాలి. ఇంకొక పరిమితి, వానను, దుమ్మును ఆపే సీలింగ్ దీనికి లేదు. తుంపర మొదలైతే వెంటనే కప్పాలి.

సూర్యుడి వైపు తిరిగి నల్లని ఆకారాలను తీసేవారికి ఒక హెచ్చరిక. టెలిఫొటో లెన్స్ గుండా సూర్యుణ్ని ఆప్టికల్ వ్యూఫైండర్‌లో చూడడం కంటికి ప్రమాదం. వెనక తెర మీదే చూడాలి. 200 మి.మీ. దగ్గర సూర్యబింబం సెన్సర్ మీద 1.8 మి.మీ. వెడల్పుతో పడుతుంది, అంటే అడ్డంగా పట్టిన ఫుల్ ఫ్రేమ్ ఎత్తులో పదమూడో వంతు. భవనం వెనక పెద్ద ఎర్రని బింబం కావాలనుకునేవారికి ఇది చాలదు. లెన్స్‌కూ కెమెరాకూ మధ్య 1.4 రెట్ల ఎక్స్‌టెండర్ తగిలిస్తే ఈ లెన్స్ 280 మి.మీ. ఎఫ్/5.6 అవుతుంది, ఆటోఫోకస్ కూడా పనిచేస్తుంది, బింబం ఫ్రేము ఎత్తులో తొమ్మిదో వంతుకు పెరుగుతుంది.

రంగు విషయంలో కెమెరా వైట్ బ్యాలెన్స్‌ను ఆటోలో వదలకూడదు. ఎండ పసుపెక్కేకొద్దీ దాన్ని తెల్లగా మార్చాలని కెమెరా ప్రయత్నిస్తుంది, బంగారం కాస్తా బూడిదవుతుంది. డేలైట్‌లో ఉంచి, సెన్సర్ పట్టినదాన్ని మార్చకుండా దాచే రా ఫైలుగా తీస్తే కంటికి కనిపించిన వెచ్చదనం దాదాపు అలాగే నిలుస్తుంది.

ఆకాశహర్మ్యాలు లేని మన జిల్లాల్లో ఈ లెన్స్‌ను సాధన చేయడం ఎలా అన్న ప్రశ్నకు జవాబు తీరంలో ఉంది. నెల్లూరుకు తూర్పున ఉన్న కృష్ణపట్నం పోర్టు క్రేన్‌లు, నేలటూరు థర్మల్ కేంద్రం పొగగొట్టాలు ఎత్తుకు ఎత్తు, నిటారుకు నిటారు. బయటి రోడ్ల మీద, పడమర వైపున, దూరంగా నిలబడి సాయంత్రం వాటిని చూస్తే నగర భవనాల వెలుగు లెక్కంతా అక్కడే నేర్చుకోవచ్చు. పెన్న ఒడ్డున రంగనాయకస్వామి గుడి గాలిగోపురం మీద నీరెండ పడినప్పుడు 200 మి.మీ. చివర బొమ్మల వరుసలు ఎంత వివరంగా వస్తాయో చూస్తే లెన్స్ నాణ్యత మీద అనుమానం ఉండదు. మెరుపు ఎలా పుడుతుందో తెలుసుకోవాలంటే ప్రకాశం జిల్లా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ పలకను ఎండలో అటూ ఇటూ తిప్పి చూడవచ్చు. పాలిష్ చేసిన నల్లరాయి అద్దంలాగే ఒక కోణంలో ఆకాశాన్ని చూపి, మరో కోణంలో సూర్యుణ్ని విసురుతుంది. నగరాల్లో ఇలాంటి రాయి తాపిన గోడలున్న భవనాలను తీసేటప్పుడు ఆ సాధన నేరుగా పనికొస్తుంది.

దూరం నుంచి తీసే చిత్రానికి గాలి శుభ్రత ప్రాణం. నాలుగు కిలోమీటర్ల పొడవునా ఉన్న దుమ్ము, తేమ భవనం మీద తెల్లని పొర కప్పుతాయి, ఏ ఫ్లోరైటూ దాన్ని తొలగించలేదు. పగలంతా కాగిన నేల నుంచి లేచే వేడి ఆవిర్లు గీతలను వంకర చేస్తాయి. వాన కురిసి వెలిసిన సాయంత్రం ఈ రెండు బాధలూ తగ్గుతాయి. హైదరాబాదుకు జూన్ నుంచి సెప్టెంబరు వరకూ నైరుతి రుతుపవనాల వానలు, మనకూ చెన్నైకీ అక్టోబరు నుంచి డిసెంబరు వరకూ ఈశాన్య రుతుపవనాల వానలు ముఖ్యం కాబట్టి, ప్రయాణాలను ఆ ప్రకారం అమర్చుకుంటే ఈ లెన్స్ సత్తా పూర్తిగా కనిపిస్తుంది.

పోటీలో ఉన్న లెన్స్‌ల గురించి కొద్దిగా చెబుతాను. 2006లో వచ్చిన స్టెబిలైజర్ రకం 760 గ్రాములు, చేతితో కూడా తీయాలనుకునేవారికి అది మేలైన ఎంపిక. ఎఫ్/2.8 రెండో తరం స్టెబిలైజర్ లెన్స్ 1490 గ్రాములు. ఎఫ్/8లో తీసే భవనాల కోసం ఆ బరువు మోయడంలో అర్థం నాకు కనిపించదు. మిర్రర్‌లెస్ ఆర్ఎఫ్ కెమెరాలున్నవారికి 2020లో వచ్చిన ఆర్ఎఫ్ 70-200 ఎఫ్/4 చిన్నది, 695 గ్రాములు, కాకపోతే జూమ్ చేస్తే పొడవు సాగుతుంది. ఆ కెమెరాల మీద నేను సమీక్షిస్తున్న పాత లెన్స్ కూడా అడాప్టర్‌తో చక్కగా పనిచేస్తుంది.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవారు తీరప్రాంతపు తేమను దృష్టిలో పెట్టుకుని చూడాలి. వెనక మూత తీసి, ఎపర్చర్ తెరిచి ఉండగా ఒక వైపు నుంచి టార్చి వేసి రెండో వైపు నుంచి చూస్తే గాజు మధ్య ఫంగస్ సాలెగూడు పోగుల్లా కనిపిస్తుంది. అది ఉంటే ధర ఎంత తక్కువైనా వదిలేయడం మంచిది, ఎదురెండలో తీసినప్పుడు ఆ పోగులు వెలుగును చెదరగొట్టి చిత్రమంతా పాలిపోయేలా చేస్తాయి. జూమ్, ఫోకస్ రింగులు ఎక్కడా పట్టకుండా తిరగాలి, ముందున్న 67 మి.మీ. ఫిల్టర్ మరలు నొక్కుకుపోయి ఉండకూడదు, పక్క వెలుగును ఆపే ఈటీ-74 హుడ్ ఉందో లేదో అడగాలి. ఇంటికి తెచ్చాక గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో, 40 నుంచి 50 శాతం తేమ దగ్గర ఉంచాలి. నవంబరు ముసురు రోజుల్లో సిలికా జెల్ రంగు మారుతున్నదో లేదో వారానికోసారైనా చూసుకుని, మారితే వేడి చేసి ఆరబెట్టి మళ్లీ పెట్టాలి.